నలభైకి దగ్గర్లో పట్టిన కుంచె

రెజ్యూమెలో ‘హాబీస్‌’ దగ్గర మీరేం రాశారు? సినిమాలు చూడటం, పాటలు వినడం.. ఖాళీగా వదిలేస్తే బాగోదని రాసేసి ఉంటారు. బీటెక్‌ అయ్యాక నేనూ అదే చేశా. కానీ అదే హాబీ ఒక మనిషిని కుప్పకూలిపోకుండా కాపాడింది. ఆయన ‘సిద్ధార్థ’ నవల రాసిన జర్మన్‌ రచయిత హెర్మన్‌ హెస్సే.

1877లో జర్మనీలోని కాల్వ్‌ అనే చిన్న పట్టణంలో పుట్టారు. ఆ ఇంటికి మన దేశంతో బంధం ఉంది. తల్లి పుట్టింది కేరళలోని తలశ్శేరిలో. తాత గుండర్ట్‌ మలయాళానికి నిఘంటువు, వ్యాకరణం రాసిన పండితుడు. అంతటి ఇంట్లో పుట్టినా హెస్సేకు చదువు అబ్బలేదు. గట్టి పోటీ పరీక్ష రాసి మౌల్‌బ్రాన్‌ మత పాఠశాలలో సీటు తెచ్చుకున్నారు. 1892లో అక్కడి నుంచి పారిపోయారు. తర్వాత చేరిన స్కూలూ మధ్యలోనే ఆగింది. ఓ పుస్తకాల షాపులో పనికి కుదిరి, మూడు రోజులకే మానేశారు.

ఇక ఇంట్లోవాళ్ల పరిస్థితి ఊహించుకోండి! చివరికి సొంతూళ్లోనే, టవర్‌ గడియారాలు తయారుచేసే వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా చేరారు. ఏడాదికి పైగా ఆకురాయితో ఇనుము అరగదీశారు. 1895లో ట్యూబింగెన్‌లో మళ్లీ పుస్తకాల షాపులో చేరారు. ఈసారి నిలబడ్డారు. పగలు ఉద్యోగం, రాత్రి చదువు. 1904లో వచ్చిన ‘పీటర్‌ కామెంజింద్‌’ నవల పేరు తెచ్చింది. రచనే జీవనోపాధి అయింది.

కథ ఇక్కడితో సుఖాంతం కాలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో జాతి విద్వేషం వద్దని రాసినందుకు జర్మన్‌ పత్రికలు ఆయన్ను దుమ్మెత్తిపోశాయి. 1916లో తండ్రి చనిపోయారు. చిన్న కొడుక్కి తీవ్ర అనారోగ్యం. భార్య మానసికంగా దెబ్బతిన్నారు. హెస్సే తానే వైద్యుడి దగ్గరికి వెళ్లి చికిత్స తీసుకున్నారు. రంగులు చేతిలోకి వచ్చింది ఆ రోజుల్లోనే. అప్పటికి వయసు నలభైకి దగ్గర. ఏ ఆర్ట్‌ కాలేజీలోనూ చదవలేదు.

1919లో ఒంటరిగా స్విట్జర్లాండ్‌ దక్షిణాన ఉన్న మోంటన్యోలా అనే పల్లెకు వెళ్లి, ఓ పాత భవంతిలో గదులు అద్దెకు తీసుకున్నారు. మడత కుర్చీ, రంగుల పెట్టె, చిన్న కాగితాలు.. ఇవి పట్టుకుని కొండదారుల్లో తిరిగేవారు. పెంకుటిళ్లు, చిన్న చర్చిలు, ద్రాక్షతోటలు, దూరంగా లుగానో సరస్సు. ఇల్లు ఉన్నది ఉన్నట్టు రావాలన్న పట్టుదల ఉండేది కాదు. ఎరుపు కప్పు మరింత ఎర్రగా, కొండ మరింత నీలంగా వేసేవారు. అలా జీవితకాలంలో దాదాపు 3,000 వాటర్‌కలర్‌ బొమ్మలు వేశారు.

యుద్ధం తర్వాత జర్మనీలో డబ్బు విలువ పడిపోయింది. పుస్తకాల మీద వచ్చే రాయల్టీ ఎందుకూ కొరగాకుండా పోయింది. అప్పుడు ఆయన తన కవితలను చేత్తో రాసి, పక్కన చిన్న బొమ్మలు వేసి అమ్మారు. సరదాగా నేర్చుకున్న పని అన్నం పెట్టింది. అలాగని రచన వదల్లేదు. ‘సిద్ధార్థ’ 1922లో ఆ పల్లె నుంచే వచ్చింది. 1946లో నోబెల్‌ వరించింది. 1962లో, 85 ఏళ్ల వయసులో అక్కడే కన్నుమూశారు.

బొమ్మలేస్తే జాబ్‌ వస్తుందని నేను చెప్పను. నోబెల్‌ కూడా హెస్సేకు వచ్చింది రచనకే. కానీ రాయలేని రోజుల్లో ఆయన్ను నిలబెట్టింది మాత్రం బొమ్మలే. రిజల్ట్‌ కోసం ఎదురుచూస్తూ ఫోన్‌ రిఫ్రెష్‌ చేసే ఆ గంటలు మీకూ ఉంటాయి కదా? ఒక రంగుల పెట్టె, ఒక డ్రాయింగ్‌ పుస్తకం కొనుక్కోండి. మీ వీధిలో పాత మండువా ఇల్లో, ఊరి చివర చెరువు గట్టో.. ఎదురుగా కూర్చుని వేయండి. మొదటి పది బొమ్మలూ పాడవుతాయి. పాడవనివ్వండి, వాటికి ఎవరూ మార్కులు వేయరు!

తర్వాతెప్పుడైనా ఇంటర్వ్యూలో హాబీ గురించి అడిగితే, చెప్పడానికి మీ దగ్గర నిజమైన జవాబు ఉంటుంది.