నెట్టీ స్టీవెన్స్

గుమ్మిలో గింజకు పురుగు పడితే మా ములుగు వైపు ఎండబోసి, చెరిగి పారేస్తాం. అటువంటి పిండి పురుగునే సూక్ష్మదర్శిని కింద పెట్టి, ఆడ మగ తేడా ఎక్కడ మొదలవుతుందో చూసిన మహిళ నెట్టీ స్టీవెన్స్.

1861లో అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో ఒక వడ్రంగి ఇంట జన్మించింది. పంతులమ్మగా పనిచేసి, పైసా పైసా కూడబెట్టుకొని, 35వ ఏట స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చేరింది. (మనమేమో ఇరవై దాటితే చదువు ముదిరిందంటాం!) 1903లో బ్రిన్ మార్ కళాశాలలో డాక్టరేట్ పొందింది.

1905లో ఆమె లెక్క తేల్చింది. ఆడ పురుగు కణంలో 20 పెద్ద క్రోమోజోములు; మగదానిలో 19 పెద్దవి, ఒకటి మాత్రం చిన్నది. ఆ చిన్నది మోసుకొచ్చిన వీర్యకణం వల్ల మగ, మిగతావాటి వల్ల ఆడ. దానినే నేడు వై క్రోమోజోము అంటున్నాం. అదే ఏడు విల్సన్ కూడా ఈ సంగతి చెప్పాడు. పేరు మాత్రం చాలాకాలం ఆయనకే ఎక్కువ దక్కింది. 1912లో, 50 ఏళ్లకే, రొమ్ము క్యాన్సర్‌తో ఆమె కన్నుమూసింది.

మనిషి వై మీద ఎస్.ఆర్.వై. జన్యువు 1990లో దొరికింది. పిండంలో అది కొద్దికాలమే పనిచేసి, సాక్స్-9 అనే మరో జన్యువును మేల్కొలుపుతుంది. దాంతో వృషణాలు ఏర్పడతాయి.

తల్లి దగ్గర వై లేనే లేదు. ముగ్గురూ ఆడపిల్లలేనని మా పెద్దమ్మను ఎన్నేళ్లు దెప్పారో నాకు తెలుసు. మొన్న సెలవుల్లో వాకిట్లో బొగ్గుతో గీసి చూపించాను: తల్లికి రెండు పెద్ద గీతలు, తండ్రికి ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పెద్దనాన్న లేచి పొలానికి పోయాడు. పెద్దమ్మ ఆమె పేరు మళ్లీ అడిగింది.