ఆయుధశిల్పి జాన్ మోజెస్ బ్రౌనింగ్

యంత్రం మొరాయించినప్పుడు మనిషి చేసే మొదటి పని దానిని నిందించడం. రెండవ పని దానిని అమ్మినవాడిని నిందించడం. అది ఎందుకు మొరాయించిందో తెలుసుకొనడం మూడవ పని. అంతవరకు వెళ్ళేవారు అరుదు. ఆ మూడవ పనినే జీవితవ్రతంగా చేసుకొన్న ఒక శిల్పి చరిత్రను మేము ఈ వ్యాసంలో విద్యార్థి మిత్రుల ముందు ఉంచుతున్నాము. ఆయన పేరు జాన్ మోజెస్ బ్రౌనింగ్.

ఎన్.సి.సి. శిబిరాలకు వెళ్ళినవారికి పాయింట్ 22 రైఫిలు పరిచితమే. చిటికెనవ్రేలిలో సగం లేని తూటా, భుజానికి తెలిసీ తెలియని తాకిడి. ఆ రైఫిలులో ఒక గుండు పేలిన తరువాత బోల్టును చేతితో వెనుకకు లాగి, మరల ముందుకు త్రోయాలి. ఆ పనిని తుపాకియే చేసుకొంటే దానిని సెమీ ఆటోమేటిక్ రైఫిలు అంటాము. ట్రిగ్గరు నొక్కిన ప్రతిసారి ఒక్క గుండు మాత్రమే పేలుతుంది. తరువాతి తూటా తనంత తానుగా వచ్చి అరలో కూర్చుంటుంది. చూచేవారికి ఇది స్వల్ప విషయంగా తోస్తుంది. కాని ఇంత బలహీనమైన తూటాచేత ఇంత పని చేయించడంలో ఎన్ని చిక్కులున్నాయో బ్రౌనింగ్ జీవితం చదివితే బోధపడుతుంది.

ఆయన 1855 జనవరి 23న అమెరికాలోని యూటా ప్రాంతంలో, ఆగ్డెన్ పట్టణంలో జన్మించాడు. తండ్రి జొనాథన్ బ్రౌనింగ్ తుపాకులు చేసేవాడు, బాగుచేసేవాడు. తూర్పు రాష్ట్రాల కర్మాగారాలు వందల మైళ్ళ దూరంలో ఉన్న ఆ కొత్త పట్టణంలో, విరిగిన వస్తువుకు మారు వస్తువు దొరకదు, దానినే బాగుచేసుకోవాలి. తండ్రి దుకాణంలోని తుక్కు ఇనుము కుప్పయే జాన్‌కు తొలి పాఠశాల. పదేళ్ళ వయస్సులో ఆ కుప్పలోని పాత గొట్టాన్ని ఏరి, కొయ్యకు బిగించి, తమ్ముడు మ్యాట్‌ను వెంటబెట్టుకొని, నిప్పుకణికతో ముట్టించే ఒక మొరటు తుపాకిని చేశాడట. పక్షులను కొట్టి తెచ్చాడు. తండ్రి మెచ్చుకొనలేదు, మందలించలేదు. పదేళ్ళవాడు ఇంతకంటే మేలైనది చేయవలసింది అన్నట్లు మాట్లాడాడట. కుర్రవాడు ఆ తుపాకిని ఊడదీసి, ఏది ఎక్కడ తప్పిందో చూచుకొన్నాడని ఆ కుటుంబంలో చెప్పుకొనేవారు.

పాఠశాల చదువు స్వల్పం. ఇంజనీరింగు పట్టా లేదు. కాని వేలకొలది మరమ్మతుల వలన ఆయనకు ఒక జ్ఞానం అబ్బింది. ఏ తుపాకి ఎక్కడ విరుగుతుందో, ఏ స్ప్రింగు ఎప్పుడు అలసిపోతుందో, ఏ భాగాన్ని వాడేవాడు తప్పుగా వాడతాడో ఆయనకు చేతివ్రేళ్ళకు తెలుసు. కొత్తది కల్పించేవారికి తరచుగా లేనిది ఈ జ్ఞానమే. 1879లో తండ్రి మరణించాడు. ఆ సంవత్సరమే అక్టోబరు 7న, ఒక్కొక్క తూటా పెట్టి పేల్చే రైఫిలుకు జాన్ తన మొదటి పేటెంటును పొందాడు. అన్నదమ్ములు కలిసి ఆగ్డెన్‌లో చిన్న కార్ఖానా పెట్టారు. అక్కడ తయారైన ఒక రైఫిలు విన్‌చెస్టర్ సంస్థ పెద్దల కంటబడింది. 1883లో ఆ సంస్థ అధికారి బెన్నెట్ స్వయంగా ఆగ్డెన్‌కు వచ్చి, ఎనిమిది వేల డాలర్లు చెల్లించి, ఆ నమూనా హక్కులు కొన్నాడు. తరువాత పందొమ్మిదేళ్ళు బ్రౌనింగ్ నమూనాలు విన్‌చెస్టర్ కర్మాగారానికి ప్రాణం పోశాయి.

ఆ నమూనాలలో ఒకటి మన విషయానికి దగ్గరిది. ముందరి కొయ్యపిడిని వెనుకకు లాగి ముందుకు త్రోస్తే తూటా మారే పాయింట్ 22 రైఫిలు అది. దాని చిత్రపటాలను చూచిన కర్మాగార నిపుణులు అది పనిచేయదని తిప్పిపంపారట. బ్రౌనింగ్ వాదానికి దిగలేదు. చేతితో చేసిన నమూనాను పంపాడు, అది పనిచేసింది. 1890 నమూనాగా వెలువడిన ఆ రైఫిళ్ళు ఎనిమిది లక్షలకు పైగా అమ్ముడుపోయాయి.

1889లో ఒక దినం ఆయన మిత్రులతో గురి సాధన చేస్తూండగా, పేలిన ప్రతి గుండుకూ గొట్టం ముందరి రెల్లు ఒరిగి లేవడం కనిపించింది. ఆ దృశ్యం ఎందరో చూచియుంటారు. ఆయన మాత్రం ఆ వాయువు వృథాగా పోతున్నదని గ్రహించాడు. రెల్లును వంచే బలం బోల్టును ఎందుకు తెరవకూడదు? ఆ ప్రశ్న నుండి వాయుబలంతో నడిచే మరతుపాకి పుట్టింది. 1895లో కోల్ట్ సంస్థ దానిని తయారు చేసింది. పేలుడు బలాన్నే పనివాడిగా పెట్టుకొనే ఆలోచన ఆనాటి నుండి ఆయనను విడువలేదు.

1902వ సంవత్సరం ఆయనకు పరీక్షాకాలం. తనంత తానే నిండుకొనే వేట తుపాకిని ఆయన ఎన్నో ఏళ్ళు శ్రమించి సిద్ధం చేశాడు. ఇంతకు పూర్వం వలె ఒక్కసారి డబ్బు పుచ్చుకొనడానికి ఒప్పుకొనక, అమ్మిన ప్రతి తుపాకి మీద రాయల్టీ కోరాడు. విన్‌చెస్టర్ అంగీకరించలేదు. ఆయన రెమింగ్టన్ సంస్థ అధ్యక్షుడు హార్ట్‌లీని చూడబోయాడు. కార్యాలయంలో వేచియుండగానే, ఆ జనవరి 8న, హార్ట్‌లీ గుండె ఆగి మరణించాడన్న వార్త వచ్చింది. బ్రౌనింగ్ నిరాశపడి ఇంటికి మరలలేదు. తుపాకిని పెట్టెలో పెట్టుకొని, సముద్రం దాటి, బెల్జియంలోని లీజ్ నగరం చేరాడు. ఆ నగరాన్ని ఆనుకొని హెర్‌స్టాల్‌లో ఉన్న ఎఫ్.ఎన్. కర్మాగారం 1899 నుండియే ఆయన పిస్తోలును చేస్తున్నది. ఆ కర్మాగారం వేట తుపాకిని ఆదరించింది. అది 1998 వరకు, తొంభై ఏళ్ళకు పైగా తయారైంది.

ఆ హెర్‌స్టాల్ లోనే 1914లో ఆయన చిన్న రైఫిలు, పాయింట్ 22 సెమీ ఆటోమేటిక్, తయారీకి వచ్చింది. ఇందులో ఆయన ఎదుర్కొన్న చిక్కులను కొంచెం వివరంగా చెప్పుకొనవలసియున్నది.

పాయింట్ 22 తూటాకు పేలుడు మందు అడుగున నడుమ ఉండదు. అడుగు అంచు బోలుగా ఉండి, ఆ అంచులోనే ఉంటుంది. ఫైరింగ్ పిన్ ఆ అంచును నలిపితేనే తూటా పేలుతుంది. అంచు పలుచగా ఉండాలి, లేకుంటే నలగదు. పైకి పొడుచుకొని ఉండాలి, లేకుంటే తూటా అరలోనికి జారిపోతుంది. ఈ పొడుచుకొన్న అంచే తూటాలు అందే దారిలో శత్రువు. ఒకదానిపై ఒకటి పేర్చినప్పుడు పైదాని అంచు క్రిందిదాని అంచుకు వెనుక చిక్కితే, బోల్టు దానిని ముందుకు త్రోయలేదు. గుండు మెత్తని సీసం. అర అంచుకు తగిలితే వంగుతుంది. ఇక బలమా, స్వల్పం. బోల్టు ఎక్కువ బరువైతే వెనుకకు పూర్తిగా పోదు. తక్కువ బరువైతే గుండు గొట్టం దాటకముందే తెరచుకొంటుంది. విన్‌చెస్టర్ వారు 1903లో ఇటువంటి రైఫిలును తెచ్చినప్పుడు, ఆనాటి నల్లమందు తూటాల మసి యంత్రాన్ని బిగబట్టకుండా, దానికొక ప్రత్యేకమైన తూటాను ఏర్పరచవలసివచ్చింది.

బ్రౌనింగ్ అంగడిలో దొరికే మామూలు తూటాతోనే పని సాధించాడు. తూటాలను ఒకదానిపై ఒకటి పేర్చక, కొయ్యపిడిలోని గొట్టంలో ఒకదాని వెనుక ఒకటి నిలిపాడు. అంచు అంచుకు చిక్కే ప్రశ్నయే లేదు. మందు అంచులో ఉన్నది కనుక, వెనుక తూటా మొన ముందుదాని అడుగు నడుమ తాకినా ప్రమాదం లేదు. ఖాళీ తొడుగు క్రిందికి రాలేటట్లు చేశాడు. పైన, ప్రక్కల మూసియున్నందున దుమ్ము లోనికి పోదు, వేడి వాయువు ముఖాన కొట్టదు. ఆ వేడి తొడుగు ఒక్కొక్కప్పుడు చొక్కా చేతిలో పడడం మాత్రం వాడేవారి ఫిర్యాదు! పనిముట్టు లేకుండా ఒక్క త్రిప్పుతో రైఫిలు రెండు ముక్కలవుతుంది. శుభ్రం చేయడం సులభం. గొట్టం అతుకు అరిగితే బిగించుకొనడానికి ఒక వలయాన్నీ అమర్చాడు. అంటే, తన యంత్రం ఎప్పటికైనా అరుగుతుందని ఆయన ముందే ఒప్పుకొన్నాడన్నమాట.

అయినను ఎంతటి శిల్పి చేసినా కొత్త రైఫిలు మొదటి దినాలలో మొరాయించవచ్చును. అప్పుడు దానిని ఎట్లు పరీక్షించాలి? మరమ్మతు దుకాణాల పద్ధతి ఒక్కటే: ఒకసారికి ఒక్క ప్రశ్న, ఒకసారికి ఒక్క మార్పు.

మొదట రక్షణ. ట్రిగ్గరు నొక్కినా పేలకుంటే గొట్టాన్ని గురివైపే ఉంచి అర నిమిషమైనా ఆగాలి; ఆలస్యంగా పేలే తూటాలు ఉన్నాయి. శబ్దం సన్నగా వస్తే మరొక తూటా పేల్చరాదు. తూటాలన్నీ తీసివేసి, గొట్టంలో గుండు ఇరుక్కొన్నదేమో చూడాలి. తరువాతనే విచారణ.

పేలని తూటాను చేతిలోకి తీసుకొని అంచును చూడాలి. గుర్తు లోతుగా పడియుంటే లోపం బహుశా తూటాది. అంచులో ఆ చోట మందు లేకపోవచ్చు. గుర్తు తేలికగా ఉంటే లోపం రైఫిలులో వెదకాలి. బోల్టు పూర్తిగా మూసుకొనలేదా? కర్మాగారంలో పూసిన చిక్కని గ్రీజు పిన్ను వేగాన్ని తగ్గించిందా? తూటా పేలి, తొడుగు రాలి, తరువాతి తూటా మాత్రం రాలేదంటే, బోల్టు చాలినంత వెనుకకు పోలేదేమో చూడాలి. కొత్త స్ప్రింగు బిగువు, బలహీనమైన తూటా, చిక్కని నూనె, ఈ మూడూ అందుకు కారణాలు. శుభ్రం చేసి, పలుచగా నూనె వేసి, మరొక రకం తూటాతో చూస్తే చాలావరకు తీరుతుంది. తూటా మొన వంగితే అది వచ్చే దారిలో గరుకును, మసిని వెదకాలి. తొడుగు అరలోనే ఉండిపోతే అరను కడిగి, దానిని పట్టి లాగే కొక్కెం కొనను చూడాలి. ఇవన్నీ చూచిన తరువాతనే నిపుణుని వద్దకు పోవాలి. ఆకురాయి పట్టుకొని భాగాలను అరగదీయడం అజ్ఞానం. అరిగిన ఉక్కు తిరిగి రాదు.

బ్రౌనింగ్ తన యంత్రాలను ఇంతకంటే కఠినంగా పరీక్షకు పెట్టాడు. 1911లో ఆయన పిస్తోలు అమెరికా సైన్యం ముందు ఆరువేల గుండ్లు పేల్చింది. కాలిపోతుంటే నీళ్ళలో ముంచి మరల పేల్చారు. ఒక్కసారి కూడా మొరాయించలేదు. పోటీకి వచ్చిన మరొక పిస్తోలు ముప్పై ఏడుసార్లు మొరాయించింది. 1917లో ఆయన మరతుపాకి ఇరవై వేల గుండ్లు ఆటంకం లేకుండా పేల్చింది. అది ప్రత్యేకంగా చేసినదేమోనన్న సందేహం తీర్చడానికి రెండవ తుపాకిని తెచ్చి, 48 నిమిషాల 12 సెకండ్లు నిర్విరామంగా నడిపించారు. ఆ యుద్ధకాలంలో తన ఆయుధాల హక్కులను, రాయల్టీగా రాదగినదానికంటే చాలా తక్కువ సొమ్ముకు, తన ప్రభుత్వానికి ఇచ్చివేశాడు.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పడం మా ధర్మం. మొరాయించని తుపాకి అంటే, తప్పక చంపే తుపాకి కూడా. 1914 జూన్ 28న సరయేవోలో ఆస్ట్రియా యువరాజును, ఆయన భార్యను బలిగొన్నది హెర్‌స్టాల్‌లో తయారైన బ్రౌనింగ్ పిస్తోలే. ఆ కాల్పుల వెనుక మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. ఆ ఆగస్టులోనే లీజ్ నగరం జర్మన్ సైన్యాల వశమైంది. పిల్లలు గురి నేర్చుకొనే చిన్న రైఫిలు ఏ కర్మాగారంలో, ఏ సంవత్సరంలో పుట్టిందో, ఆ కర్మాగారం ఆ సంవత్సరంలోనే మూగబోయింది. శిల్పి యంత్రంలోని దోషాన్ని తీర్చగలడు. యంత్రాన్ని పట్టిన చేతిలోని దోషాన్ని తీర్చలేడు. దానిని తీర్చవలసినది చదువు, చట్టం, సంస్కారం. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం లైసెన్సు లేనివాని చేతికి ఇటువంటి తుపాకిని అందనీయకపోవడం అందుకే.

1926 నవంబరు 26న, లీజ్ లోని ఆ కర్మాగారంలోనే, కుమారుడు వాల్ కార్యాలయంలో, గుండెజబ్బుతో బ్రౌనింగ్ కన్నుమూశాడు. అప్పటికి ఆయనకు 71 ఏళ్ళు, 128 పేటెంట్లు. చేతిలో పని ఇంకా మిగిలియున్నది. దానిలో కొంత కుమారుడు, కొంత ఆ కర్మాగారపు శిల్పి సైవ్ పూర్తిచేశారు. 2014లో ఆ చిన్న రైఫిలుకు నూరేళ్ళు నిండినప్పుడు కూడా అది అదే తీరున తయారవుతూనే ఉన్నది.

మన ప్రయోగశాలలో విద్యుత్తు వలయం పనిచేయనప్పుడు, లెక్క తప్పినప్పుడు, పరీక్షలో అనుకొన్న మార్కులు రానప్పుడు మనం ఎవరిని నిందిద్దామా అని చుట్టూ చూస్తాము. ఆగ్డెన్ మరమ్మతు దుకాణంలో పెరిగిన కుర్రవాడు చుట్టూ చూడలేదు. చేతిలో ఉన్నదానిని చూచాడు. పేలని తూటా మీది చిన్న గుర్తు కూడా చదవనేర్చినవానికి ఒక పాఠమే. మా విద్యార్థులు ఏ వృత్తిలో ప్రవేశించినా ఆ గుర్తును చదివే ఓర్పు, చేతికి వచ్చిన శక్తిని సక్రమంగా వాడే వివేకం, రెండూ కలిగియుండాలని మేము మనసారా కోరుతున్నాము.