చెరకు పువ్వు గుట్టు చదివిన జానకి అమ్మాళ్

మా ఆత్రేయపురంలో పూతరేకు తెలియని ఇల్లు ఉండదు. కుండ బోర్లించి, కింద మంట పెట్టి, బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డతో ఒక్కసారి అలా పూస్తే రేకు వచ్చేస్తుంది. నెయ్యి రాసి, పంచదారో బెల్లం పొడో చల్లి మడత పెట్టడమే. 2023లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయితే ఈ తీపినిచ్చే చెరకు గుట్టు వెతికిన ఆడవాళ్లూ ఉన్నారని నాకు తెలిసింది మా అమ్మాయి పాఠం వల్ల.

అది ఇంటర్లో బైపీసీ. ఓ రోజు మందార పువ్వు విప్పి చూపిస్తోంది. అడుగున పచ్చని రక్షక పత్రాలు, ఎర్రని ఆకర్షణ పత్రాలు, మధ్యలో పుప్పొడి మోసే కేసరాలు, లోపల అండాశయం. పుప్పొడి కీలాగ్రం మీద పడి, సన్నని నాళంగా పెరిగి అండాన్ని చేరితేనే విత్తనం. మరి చెరకు పూస్తుందా అని అడిగాను. ఆ ప్రశ్న పట్టుకుని పోతే దొరికిన పేరే జానకి అమ్మాళ్.

చెరకూ పూస్తుందండీ! శరత్కాలంలో మన గోదావరి లంకల్లో తెల్లగా ఊగే రెల్లు చూశారుగా, అది చెరకుకి దగ్గర చుట్టం. ఈ పూలకి రంగు రేకులుండవు. గాలే పుప్పొడిని మోస్తుంది కాబట్టి తేనెటీగల్ని పిలవాల్సిన పని లేదు. రైతు చెరకు ముచ్చెలు నాటితే తల్లి లాంటి మొక్కే వస్తుంది. కొత్త రకం కావాలంటే మాత్రం పువ్వే దిక్కు.

జానకి 1897లో కేరళలోని తలశ్శేరిలో పుట్టారు. మద్రాసులో క్వీన్ మేరీస్, ప్రెసిడెన్సీ కాలేజీల్లో చదివారు. ఆ రోజుల్లో ఆ వయసు పిల్లకి పెళ్లే గమ్యం. ఆవిడ పెళ్లి చేసుకోలేదు. స్కాలర్‌షిప్పుతో అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయానికి వెళ్లి, 1931లో డాక్టరేట్ అందుకున్నారు.

1934లో కోయంబత్తూరు చెరకు పరిశోధన కేంద్రంలో చేరారు. మన దేశపు చెరకుకి తీపి తెచ్చింది ఆవిడేనని చాలామంది రాస్తుంటారు. అది పూర్తిగా నిజం కాదు. లావాటి చెరకుని రెల్లుతో కలిపి తీసిన కో 205 రకం 1918లోనే వచ్చింది. ఆ పని వెంకటరామన్ గారిది. జానకి చేసింది అంతకంటే లోతైన పని. సూక్ష్మదర్శినిలో కణాల్లోని క్రోమోజోములు లెక్కపెట్టి, ఏ గడ్డి ఏ గడ్డికి చుట్టమో తేల్చారు. చెరకుని మొక్కజొన్నతోనూ కలిపి చూశారు.

కానీ పెళ్లి కాని ఆడమనిషి, పైగా వెనకబడిన కులమని లెక్కగట్టిన తియ్య కులస్థురాలు. మగవాళ్ల మధ్య ఆ ఉద్యోగం సాఫీగా సాగలేదు. 1939లో ఇంగ్లండు దారి పట్టారు. యుద్ధం రోజుల్లోనూ పని మానలేదు. 1945లో డార్లింగ్టన్‌తో కలిసి సాగు మొక్కల క్రోమోజోముల మీద పెద్ద గ్రంథం తెచ్చారు. అక్కడ ఒక మాగ్నోలియా పూలచెట్టుకి ఆవిడ పేరే పెట్టారు.

1951లో నెహ్రూ పిలుపు మీద తిరిగొచ్చి, భారత వృక్ష సర్వేక్షణ సంస్థని చక్కదిద్దే పనిలో పడ్డారు. 1977లో పద్మశ్రీ అందుకున్నారు. 80 ఏళ్లు దాటాక కూడా సైలెంట్ వ్యాలీ అడవి మునిగిపోకూడదని గొంతు కలిపారు. 1984లో కన్నుమూశారు.

పూలూ ఆకులూ చదివి ఏం సాధిస్తుందని మా బంధువులు మా అమ్మాయి గురించి అంటూనే ఉన్నారు. సంబంధం కూడా ఒకటి చూశారు. ఇదివరకైతే నేనూ తలూపేదాన్నే. ఇప్పుడు మాత్రం డిగ్రీలో వృక్షశాస్త్రం తీసుకోమనే చెప్పాను. పెళ్లి సంగతి, అది అడిగినప్పుడు చూద్దాం.