దక్కనీ ముస్లిం జీవనాన్ని గ్రంథస్థం చేసిన ఏలూరు మున్షీ

ఏలూరు: భారతీయ ముస్లింల ఆచార వ్యవహారాలపై పరిశోధన చేసే పండితులు, ఏ దేశం వారైనా, తొలుత తిరగేసే గ్రంథాల్లో ‘ఖానూన్-ఎ-ఇస్లాం’ ఒకటి. 1832లో లండన్‌లో వెలువడిన ఈ గ్రంథాన్ని రచించిన జాఫర్ షరీఫ్ ఏలూరులో జన్మించారు. విశ్వవిద్యాలయాల్లో సుపరిచితమైన ఆ పేరు స్వస్థలంలో వినిపించడం అరుదు. గ్రంథం సైతం చాలాకాలం ఆయన పేరు మీద కాక, దాన్ని ఆంగ్లంలోకి అనువదించిన వైద్యుడి పేరు మీదే చలామణి అయింది.

జాఫర్ షరీఫ్ ఖురైష్ వంశానికి చెందిన అలీ షరీఫ్ కుమారుడు. లాలా మియాన్ అనేది ఆయన మరో పేరు. రాయవేలూరు నుంచి వేరుగా గుర్తించేందుకు ఏలూరును అప్పట్లో ఉప్పు ఏలూరు అని వ్యవహరించేవారు. గ్రంథంలో ఆయన జన్మస్థలం ఆ పేరుతోనే కనిపిస్తుంది. కుతుబ్‌షాహీల ఏలుబడి, ఆ తరువాత నిజాం అధికారం చూసిన ఏలూరు సర్కారు 1765 నాటి మొగలు ఫర్మానాతో ఈస్టిండియా కంపెనీకి దఖలు పడింది. పర్షియా నుంచి వచ్చిన ముస్లింలు నెలకొల్పిన తివాచీల నేత అప్పటికే ఈ పట్టణానికి పేరు తెచ్చింది. ఇళ్లలో దక్కనీ, వీధిలో తెలుగు, దస్తావేజుల్లో పారశీకం నడిచిన కాలమది.

పాలన చేతులు మారడంతో మున్షీలకు గిరాకీ ఏర్పడింది. మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చిన దొరలకు దేశభాషలు తప్పనిసరి అయ్యాయి. వారికి భాషలు నేర్పేందుకు 1812లో సెయింట్ జార్జి కోట కళాశాల ఏర్పాటైంది. జాఫర్ షరీఫ్ సైతం ఆంగ్లేయ అధికారులకు భాష బోధిస్తూ మద్రాసు ప్రభుత్వ కొలువులో మున్షీగా జీవనం సాగించారు. అరబ్బీలో ఆయనది చక్కని ప్రవేశం. సున్నీ సంప్రదాయంలో నిష్ఠ గలవారైనా షియాల పట్ల ద్వేషం లేనివారని ఆయన రచనే చెబుతుంది.

వైద్యుడి కోరిక

మద్రాసు సైనిక వైద్య విభాగంలో పనిచేస్తున్న డాక్టర్ గెర్హార్డ్ ఆండ్రియాస్ హెర్క్‌లాట్స్ ఈ మున్షీ జీవితాన్ని మలుపు తిప్పారు. ఆయన బెంగాల్‌లోని డచ్చి స్థావరం చిన్సురాలో జన్మించారు. తాము పాలిస్తున్న ముస్లింలు ఎలా పుడతారు, ఎలా పెళ్లాడతారు, ఎలా ఖననమవుతారు అనే విషయాలు తెలిపే సమగ్ర గ్రంథం ఏదీ ఆంగ్లేయులకు లేదన్నది హెర్క్‌లాట్స్ బాధ. సులభమైన దక్కనీలో అటువంటి పుస్తకం రాయాలని ఆయన జాఫర్ షరీఫ్‌ను కోరారు. మున్షీ రాశారు, వైద్యుడు ఆంగ్లీకరించి తన వివరణలు చేర్చారు. లండన్‌లో పార్బరీ, అలెన్ సంస్థ ప్రచురించింది.

గ్రంథ ప్రణాళిక సరళం. తల్లి గర్భంలో ఏడో మాసం నుంచి సమాధి వద్ద నలభైయవ దినం దాకా మనిషి వెంట నడుస్తుంది. ప్రసవానంతరం ఆరో రోజు జరిపే ఛఠీ, నలభయ్యో రోజు చిల్లా, శిశువు తలనీలాలు తీసే అఖీఖా ఒకదాని వెంట ఒకటి వస్తాయి. బిడ్డకు నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజుల వయసు వచ్చినప్పుడు బిస్మిల్లా చెప్పించి అక్షరాభ్యాసం చేయించే వేడుక ఆయన వర్ణనల్లో ముచ్చటైనది. పెళ్లికి మాత్రం మున్షీ కలం ఆగదు. పసుపు నలుగు, వరుని ఇంటి నుంచి సాచఖ్, గోరింట, రాత్రి ఊరేగింపు, నిఖా, అద్దంలో ముఖం చూసుకునే జల్వా వరకు పీటల మీద కూర్చున్న పెద్దముత్తైదువ చెప్పినంత వివరంగా సాగుతుంది. తెలుగు పాఠకులకు ఆ నలుగు, ఆ గోరింట పొరుగింటివి కావు.

మొహర్రం అధ్యాయం మరొక ప్రపంచం. అషుర్‌ఖానాలో పంజాలు నిలపడం, ఎదుట అలావా గుండం తవ్వడం, పది రోజుల సందడి, మొక్కుబడితో ఫకీరు వేషాలు కట్టినవారు వీధుల్లో తిరగడం అన్నీ ఉన్నాయి. ఆ వేషాల్లో పులివేషమూ ఒకటి. కోస్తా, రాయలసీమ, తెలంగాణ పల్లెల్లో హిందువులు సైతం మొక్కుకునే పీర్ల పండుగకు దాదాపు రెండు శతాబ్దాల నాటి లిఖిత సాక్ష్యం ఇది. నాగూరు ఖాదర్ వలీ, జిందా షా మదార్ వంటి వలీల ఉరుసులు, షబె బరాత్, రంజాన్, బక్రీద్ నెలల వారీగా నమోదయ్యాయి. తాయెత్తులు, అంకెల యంత్రాలు, భూతవైద్యానికీ పెద్ద భాగమే దక్కింది. షరియత్‌లో ఆధారం లేని ఆచారమైతే ఆ మాట చెబుతారు, అయినా జనం చేస్తున్నారు గనుక రాస్తారు. పండితుడి చేతిలో ఉండే తూకం కన్నా చూసినదాన్ని దాచని ఈ గుణమే గ్రంథాన్ని నిలబెట్టింది. అనుబంధాల్లో బంధుత్వాల పేర్లు, తూనికలు, దుస్తులు, నగలు, వాద్యాలు, ఆటలు కూడా చోటు చేసుకున్నాయి.

అదే 1832లో అదే సంస్థ మరో పుస్తకం వెలువరించింది. లక్నో షియా కుటుంబంలో కోడలిగా మెలిగిన ఆంగ్లేయ మహిళ శ్రీమతి మీర్ హసన్ అలీ దాని రచయిత్రి. ఆమె ఉత్తరాది షియాల జీవితం చెబితే, ఏలూరు మున్షీ దక్షిణాది సున్నీల జీవితం చెప్పారు. ముస్లింలంతా ఒకే మూస అనుకునేవారికి ఆ రెండు పుస్తకాలను పక్కపక్కన పెడితే చాలు.

జనగణనకు ముందే

దేశవ్యాప్తంగా ఒకేసారి జనగణన జరిగింది 1881లో. అంతకు సుమారు అర్ధశతాబ్దం ముందే సయ్యద్, షేక్, మొగల్, పఠాన్ అనే నాలుగు విభాగాలను, పేర్ల ముందూ వెనుకా చేరే మీర్, మీర్జా, బేగ్, ఖాన్ వంటి బిరుదులను జాఫర్ షరీఫ్ వివరించారు. అయితే దూదేకుల వంటి వృత్తి సమూహాల బతుకుపై ఆయన దృష్టి అంతగా నిలవలేదు. దొరల కోసం, వారి ప్రశ్నలకు జవాబుగా రాసిన పుస్తకానికి ఆ పరిమితి తప్పలేదు.

ఆ విభజన కేవలం పుస్తకాల విషయంగా మిగలలేదు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభాలో ముస్లింలు 9.56 శాతం. వారిలో ఎవరు వెనుకబడినవారు అన్న ప్రశ్నపై 2004, 2005ల్లో ఇచ్చిన 5 శాతం రిజర్వేషన్లు హైకోర్టులో నిలవలేదు. పి.ఎస్. కృష్ణన్ అధ్యయనం తరువాత 2007లో బీసీ-ఇ పేరిట 4 శాతం కల్పిస్తూ 14 సమూహాలను చేర్చారు. మున్షీ చెప్పిన నాలుగింటిలో షేక్‌లు ఆ జాబితాలో ఉన్నారు. సయ్యద్, మొగల్, పఠాన్ వర్గాలను మినహాయించారు. ఆ వ్యవహారమూ న్యాయస్థానాలకెక్కింది. 2010లో హైకోర్టు చట్టాన్ని కొట్టివేయగా, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో కొనసాగింది.

గ్రంథం వెలువడిన రెండేళ్లకే, 1834లో హెర్క్‌లాట్స్ మరణించారు. 1863లో మద్రాసులో హిగ్గిన్‌బాథమ్ సంస్థ పునర్ముద్రించింది. ఉత్తర భారతంలో సివిల్ అధికారిగా పనిచేసిన విలియం క్రూక్ దాన్ని తిరగరాసి, అధ్యాయాల వరుస మార్చి, మొదట జాతుల వివరణ చేర్చి, ఇతర ప్రాంతాల సమాచారం జోడించగా 1921లో ఆక్స్‌ఫర్డ్ ముద్రణాలయం ‘ఇస్లాం ఇన్ ఇండియా’ పేరిట విడుదల చేసింది. నేడు ఎక్కువమంది చేతికి వచ్చేది ఈ ప్రతే. ఇందులో మున్షీ చూసి రాసినదేది, క్రూక్ చేర్చినదేది అని తేల్చాలంటే 1832 ప్రతిని పక్కన పెట్టుకోక తప్పదు. ఏలూరులో జరిగిన ఆచారమనుకున్నది ఉత్తరాది జిల్లాది కావచ్చు.

పండితుల పాదసూచికల్లో ఈ పుస్తకం తరచు హెర్క్‌లాట్స్ గ్రంథంగానే దర్శనమిస్తుంది. 1832 ముఖపత్రం మీద జాఫర్ షరీఫ్ పేరు ముందే ఉంది. కాకపోతే ఆయన దక్కన్ వాసి అని, వైద్యుడి పర్యవేక్షణలో రచించారని మాత్రమే అక్కడ అచ్చయింది. ఏలూరు పేరు కావాలంటే పుట తిప్పి రచయిత సొంత పీఠిక దాకా వెళ్లాలి.