డాక్టరు జేకబ్ చేంబర్లెయిన్ గారి నిరీక్షణ

మదనపల్లె సంఘ చరిత్రను తలచునప్పుడు డాక్టరు జేకబ్ చేంబర్లెయిన్ గారిని తలపక ఉండలేము. ఆయన చేసిన పనులు అనేకము. చీకటి దినములలో ఆయన ఎట్లు నిలిచిరో చెప్పుటయే ఈ వ్యాసములో మా ఉద్దేశము.

ఆయన 1835లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమున జన్మించిరి. దైవశాస్త్రముతోబాటు వైద్యమును అభ్యసించి, 1860లో ఆర్కాటు మిషను సేవకు వచ్చిరి. తెలుగు నేర్చుకొని 1863లో మదనపల్లెలో స్థిరపడిరి.

ఆ సంవత్సరమే నలుగురు దేశీయ సహాయకులతో సుమారు 1200 మైళ్ల సువార్త యాత్రకు బయలుదేరిరి. నైజాము రాజ్యము దాటి, గోదావరి వెంబడి తిరిగి వచ్చునప్పుడు, వారు ఎక్కవలసిన స్టీమరు చెడిపోయెను. పులులు తిరుగు అడవిలో నడక తప్పలేదు. ఒక సాయంకాలము వరద పొంగి దారి మూసికొనిపోయెను. దిక్కుతోచక ప్రార్థించి, నదివైపు తిరిగిన వారికి, కట్లు తెగి కొట్టుకొని వచ్చిన పెద్ద పడవ ఒకటి ఒడ్డున కనబడెను. ఆ రాత్రి అందరును దానిలో తలదాచుకొనిరి.

ఈ సంగతి మనలో అనేకులు వినియున్నదే. అయితే ఆ యాత్రలో ఆయనకు సోకిన అడవి జ్వరము సంగతి అంతగా వినబడదు. అది ఆయనను మరల మరల పడవేయుచు వచ్చెను. ఆ రాత్రి పడవను అనుగ్రహించిన దేవుడు ఈ జ్వరమును తీసివేయలేదు. అయినను ఆయన విశ్వాసము సడలలేదు. రోగులకు మందులిచ్చిరి. ఆరాధన క్రమమును తెలుగు చేసిరి. అది 1873లో అచ్చయ్యెను. తెలుగు బైబిలును సవరించు సంఘమునకు అనేక సంవత్సరములు అధ్యక్షులుగా నుండిరి. తెలుగు బైబిలు నిఘంటువును ఆరంభించిరి గాని, అది ముగియకమునుపే 1908 మార్చి 2న మదనపల్లెలో ప్రభువునందు నిద్రించిరి.

మదనపల్లె మొదలు పుంగనూరు, కుప్పము వరకు మన కుటుంబములు కరవు యేండ్లను ఎరుగును. 2020, 2021 సంవత్సరములలో కోవిడ్ వలన ఆప్తులను పోగొట్టుకొన్నవారు మన మధ్య ఉన్నారు. వారును ప్రార్థించిరి, వారికి పడవ రాలేదు. వారి విశ్వాసము కొరతపడినదని ఎవరును అనరాదు. చేంబర్లెయిన్ గారి జీవితమే దానికి సాక్ష్యము. పడవ దొరికినది ఒక్క రాత్రి. జ్వరముతో గడచినవి నలుబది యేండ్లకు పైగా. ఆ రెంటిలోను ఆయన దేవుడు ఒక్కడే.

కష్టము తొలగుననుట మాత్రమే నిరీక్షణ కాదు. కష్టము తొలగకున్నను ప్రభువు మనలను విడువడని యెరిగి, నేటి పనిని నేడు చేయుటయే నిరీక్షణ. ఆయన ముగింపని పనిని ఇతరులు అందుకొనిరి. 1911లో మదనపల్లెలో మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి, 1915లో ఆరోగ్యవరములో క్షయ వైద్యశాల వెలసెను. విత్తినవాడు చూడని పంటను మనము చూచుచున్నాము. కావున నేడు కన్నీటితో విత్తుచున్నవారు అధైర్యపడకుందురు గాక.