గంట తాడు వదిలిన కుర్రవాడు

పోచంపల్లి పేరు ముందు భూదాన్ అన్న మాట ఊరికే చేరలేదు. 1951 ఏప్రిల్ 18న ఆచార్య వినోబా భావే ఎదుట వెదిరె రామచంద్రారెడ్డి గారు లేచి వంద ఎకరాలు ఇస్తానన్న ఊరు అది. వదులుకోవడం అంటే ఏమిటో ఆ ఊరికి ఎవరూ చెప్పనక్కరలేదు. అయితే అదే ఊళ్లో, మగ్గం ఉన్న ఇళ్లలో, ఎవరూ రాసిపెట్టని మరో రకం వదులుకోవడం కూడా ఉంది. బడి అయ్యాక అమ్మ పక్కన ఆసు దగ్గరా, నాన్న పక్కన చిటికి కట్టే దగ్గరా కూర్చుని పని నేర్చుకున్న పిల్లవాడు పదిహేడు, పద్దెనిమిదేళ్లకు తానే మగ్గం గుంటలో కాళ్లు పెడతాడు. చీర దిగితేనే చేతికి కూలి. సాయంత్రం ఆట ముందు ఆదివారానికి మారుతుంది, కొన్నాళ్లకు అదీ పోతుంది, బ్యాటు అటక ఎక్కుతుంది. దాన్ని ఎవరూ త్యాగం అనరు, బతుకుదెరువు అంటారు.

ఈ వారం మనం తలుచుకోబోయే మనిషి కూడా చేతిపని చేసే ఇంట్లో పుట్టినవాడే. ఇరవై ఏళ్లు నిండకముందే తన కాళ్ల మీద తాను నిలబడ్డాడు. ప్రాణంగా చూసుకున్న సరదాను వదులుకున్నాడు. కాని పని ఒత్తిడి వల్ల కాదు. ఆయన యాత్రికుని ప్రయాణము రాసిన జాన్ బన్యన్. మన సంఘాల్లో ఆ పుస్తకం బైబిలు పక్కనే కనిపించే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. దాన్ని రాసినవాడి పడుచుతనం గురించి మాత్రం మనం మాట్లాడుకునేది తక్కువ.

ఇంగ్లండులో బెడ్‌ఫర్డ్ పట్టణానికి దగ్గరలో ఎల్‌స్టో అనే పల్లె ఉంది. 1628 నవంబరు 30న అక్కడి దేవాలయంలో పసివాడైన బన్యన్‌కు బాప్తిస్మం ఇచ్చినట్టు దాఖలా ఉంది. తండ్రి థామస్ ఇత్తడి, రాగి పాత్రలకు మాట్లు వేసేవాడు. ఊరూరా తిరిగి చిల్లులు పూడ్చే పని అది. ఆ వృత్తివాళ్లంటే ఆ రోజుల్లో నలుగురిలో చిన్నచూపు. కొడుకును బడికి పంపారు గాని నేర్చినదంతా దాదాపు మరిచిపోయానని బన్యనే తరువాత ఒప్పుకున్నాడు.

1644 ఆ ఇంటికి కష్టాల సంవత్సరం. జూన్‌లో తల్లి చనిపోయింది. జూలైలో చెల్లెలు చనిపోయింది. ఆగస్టులో తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. ఆ ఏడాది చివరికల్లా పదహారేళ్ల జాన్ పార్లమెంటు సైన్యంలో చేరి న్యూపోర్ట్ పాగ్నెల్ కోటలో ఉన్నాడు. అప్పుడు రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం జరుగుతోంది. ఆ కోటలో జీతాలు సరిగా అందేవి కావు, బట్టలకూ కరువే. ఒకసారి ముట్టడికి వెళ్లాల్సిన బన్యన్ బదులు మరో సిపాయి తాను వెళతానని అడిగి వెళ్లాడు. కాపలా కాస్తుండగా తలకు తుపాకి గుండు తగిలి చనిపోయాడు. తన చోట మరొకరు చనిపోయిన ఆ సంగతిని బన్యన్ జీవితాంతం మరిచిపోలేదు. అప్పుడు మాత్రం అది ఆయనను మార్చలేదు.

1647లో సైన్యం నుంచి విడుదలై ఊరికి వచ్చాడు. బెడ్‌ఫర్డ్‌లో ఆయన పేరిట ఉన్న మ్యూజియంలో ఇప్పటికీ ఒక ఇనుప దాగలి ఉంది. సుమారు 60 పౌండ్లు, అంటే మన లెక్కలో 27 కిలోల బరువు. దాని మీద బన్యన్ పేరు, ఊరి పేరు, 1647 అన్న అంకె చెక్కి ఉన్నాయి. అప్పటికి ఆయనకు పంతొమ్మిది నిండాయో లేదో. మాట్లు వేసేవాడు దాన్ని మోసుకుంటూ ఊరూరా తిరగాలి. ఆ బరువు గురించి తలుచుకున్నప్పుడల్లా మాకు ఆ పేరే ఎక్కువ ఆశ్చర్యం కలిగిస్తుంది. అది తండ్రి పేరు కాదు. కుర్రవాడు తన పనిముట్టు మీద తన పేరే చెక్కుకున్నాడు. ఇక ఎవరి చేతి కిందా లేను, నా తిండి నేను సంపాదించుకుంటాను అని చెప్పడానికి అంతకు మించిన మాట అక్కరలేదు.

చేతిలో నాలుగు డబ్బులు ఆడేసరికి సరదాలకూ లోటు లేకపోయింది. ఇక్కడే మన మగ్గం కుర్రవాడికీ ఆయనకూ తేడా. సంపాదన బన్యన్ ఆటలను లాక్కోలేదు, వాటికి స్వేచ్ఛ ఇచ్చింది. అడిగే తండ్రి లేడు, కేకలేసే యజమాని లేడు, దండులో లాగా కొరడా లేదు. ఆటల్లో, బూతు మాటల్లో ఊరి కుర్రకారుకు ఆయనే ముందు. తాగుబోతు అని గాని, వ్యభిచారి అని గాని ఎవరూ అనలేదు. ఆ రెండో నింద ఎవరైనా వేస్తే తరువాతి కాలంలో ఆయన గట్టిగా ఖండించేవాడు. ఆయనకు ఉన్నవి మూడు ఇష్టాలు. పచ్చిక మైదానంలో ఆట, నాట్యం, అన్నిటికంటే మిన్నగా దేవాలయపు గంటలు.

1649 ప్రాంతంలో పెళ్లయింది. ఇద్దరికీ కలిపి ఒక పళ్లెం, ఒక చెంచా కూడా లేవు. భార్య తన తండ్రి ఇచ్చిన రెండు భక్తి పుస్తకాలు మాత్రం తెచ్చింది. ఆమె పేరేమిటో చరిత్ర మనకు మిగల్చలేదు గాని, రాత్రుళ్లు ఆ ఇద్దరూ కలిసి చదివిన ఆ పుస్తకాల పేర్లు మిగిలాయి. ఒకటి ఆర్థర్ డెంట్ రాసింది, రెండోది లూయిస్ బేలీ రాసింది. మరిచిపోయిన చదువు ఆ పుస్తకాలతోనే తిరిగి వచ్చి ఉంటుంది.

ఒక ఆదివారం ఊరి బోధకుడు క్రిస్టఫర్ హాల్ విశ్రాంతి దినాన ఆటలాడడం గురించి ప్రసంగించాడు. ఒకటి గుర్తుంచుకోవాలి. ఆరాధన అయ్యాక ఆదివారం ఆడుకోవచ్చని 1618లో జేమ్స్ రాజు, 1633లో ఛార్లెస్ రాజు ఆజ్ఞలు ఇచ్చి ఉన్నారు. బన్యన్ పెరిగింది ఆ అనుమతి కిందే. తరువాత పార్లమెంటు దాన్ని రద్దు చేసింది. చిన్ననాడు రాజు సరే అన్న పని పెద్దయ్యాక పాపం అయింది. ప్రసంగం విని బరువెక్కిన గుండెతో ఇంటికి వెళ్లాడు, భోజనం చేశాడు, బరువు దిగిపోయింది. మధ్యాహ్నం మైదానానికి వచ్చి ఆటకు దిగాడు. ఆ ఆట మనకు కొత్త కాదు. కర్రతో చిన్న కొయ్య ముక్కను ఎగరేసి కొట్టడం. తెలంగాణలో చిర్రగోనె అంటాం, కోస్తాలో బిళ్ళంగోడు అంటారు. ఒక దెబ్బ కొట్టి రెండో దెబ్బకు కర్ర ఎత్తినప్పుడు, పాపాలు వదిలి పరలోకానికి వస్తావా, వాటితోనే నరకానికి పోతావా అని పైనుంచి ఎవరో నిలదీసినట్టు ఆయన అంతరంగానికి అనిపించింది. కర్ర అలాగే పట్టుకుని ఆకాశం వైపు చూస్తూ నిలబడిపోయాడు. తోటివాళ్లకు ఏమీ తెలియదు. ఇలాంటి కథల్లో ఇక్కడ కర్ర పారేసి మోకరించడం మనకు అలవాటు. బన్యన్ అలా చేయలేదు. ఎలాగూ ఆలస్యమైపోయింది, క్షమాపణ దొరకదు, పోయేదెలాగూ నరకానికే అయితే ఆశ తీరా ఆడి పోదాం అనుకుని రెండో దెబ్బ కొట్టాడు. ఈ సంగతి దాచకుండా రాసినందుకే ఆయన మాట మీద మనకు నమ్మకం కుదురుతుంది.

మార్పు మెల్లగా వచ్చింది. ముందు బూతు మాటలు పోయాయి. బైబిలు చేతికి వచ్చింది. ఆ తరువాత గంటల వంతు వచ్చింది.

ఎల్‌స్టో దేవాలయానికి ఒక విశేషం ఉంది. గంటల గోపురం దేవాలయానికి ఆనుకుని ఉండదు, ఎడంగా ఒంటరిగా నిలబడి ఉంటుంది. ఆ దేశంలో గంట మోగించడం మన దగ్గరలాగా ఆరాధనకు పిలిచే పని మాత్రమే కాదు. ఒక్కో గంటకు ఒక తాడు, ఒక్కో తాడుకు ఒక మనిషి. అందరూ వరస తప్పకుండా, ఒకరి వెంట ఒకరు లాగాలి. ఒక్కడు తడబడితే మొత్తం చెడుతుంది. గంటల తరబడి సాగే ఆ సాధనలో బలమూ, లెక్కా, స్నేహమూ కలిసి ఉంటాయి. కాబట్టి తాడు వదలడమంటే ఒక శబ్దాన్ని వదలడం కాదు, జట్టును వదలడం.

ఇది వ్యర్థమైన కాలక్షేపం అని బన్యన్ మనస్సాక్షికి తోచింది. మానేశాడు. చేతులు మానేశాయి గాని కాళ్లు మానలేదు. గంటలు మోగే వేళకు గోపురం దగ్గరికి వెళ్లి చూస్తూ నిలబడేవాడు. అలా ఉండగా ఒకరోజు, ఆ గంట ఊడి నెత్తిన పడితే అనిపించింది. గోపురానికి అడ్డంగా వేసిన పెద్ద దూలం కిందికి జరిగాడు. అక్కడ ధైర్యంగా ఉంది. కొంతసేపటికి మరో ఆలోచన వచ్చింది. గంట ఊగుతూ పడితే ముందు గోడకు తగిలి, ఎగిరి వచ్చి దూలం కింద ఉన్నవాడినీ చంపవచ్చు కదా. గుమ్మంలోకి జరిగాడు. పడినా మందపు గోడ చాటుకు తప్పుకోవచ్చు అనుకున్నాడు. కొన్నాళ్లు గుమ్మంలో నిలబడి చూశాడు. ఆ తరువాత, గోపురమే కూలితే అన్న భయం పట్టుకుంది. ఇక గుమ్మంలో కూడా నిలబడలేక పారిపోయాడు.

ఈ ఘట్టం చదివి నవ్వు రాకుండా ఉండదు. కాని ఇష్టమైనదాన్ని మానుకున్న ఎవరికైనా దూలం కింద నిలబడడం అంటే ఏమిటో తెలుసు. ఆడను గాని చూస్తాను, చూడను గాని పక్కనే ఉంటాను అని మనస్సు బేరం పెడుతూనే ఉంటుంది. నాట్యం ఇంకా కష్టమైంది. దాన్ని పూర్తిగా మానడానికి నిండా ఒక ఏడాది పట్టింది.

మన ప్రసంగాల్లో కొందరు ఈ కథను ఇక్కడితో ఆపి, చూశారా, లోకపు ఆటలు విడిచాడు, దేవుని మనిషి అయ్యాడు అని యవ్వనస్థులకు చెబుతుంటారు. ఇది బన్యన్‌కు అన్యాయం చేయడమే అని మా అభిప్రాయం. ఊరివాళ్లు కూడా అప్పుడు సరిగ్గా అలాగే అన్నారు. ఇంత చెడ్డవాడు ఇంత మంచివాడయ్యాడని ముఖం మీదే మెచ్చుకున్నారు. ఆ మెప్పు ఆయనకు తియ్యగా ఉండేది. ఇంగ్లండులో దేవుణ్ణి తనంత బాగా సంతోషపెట్టేవాడు లేడనుకున్నాడు. తరువాత తన ఆత్మకథలో ఆ కాలాన్ని తలుచుకుంటూ తనను తాను ఒక వేషధారిగానే చూపించాడు. క్రీస్తు ఎవరో అప్పటికి తనకు తెలియదు అన్నాడు. ఆట వదిలాడు, తాడు వదిలాడు, నాట్యం వదిలాడు. చేతులు ఖాళీ అయ్యాయి గాని వాటిలోకి ఇంకా ఏమీ రాలేదు.

వచ్చింది బెడ్‌ఫర్డ్‌లో, పని మీద వెళ్లినప్పుడు. ఒక వీధిలో ముగ్గురు నలుగురు పేద స్త్రీలు గుమ్మం ముందు ఎండలో కూర్చుని దేవుని సంగతులు మాట్లాడుకుంటున్నారు. ఇలాంటి మాటల్లో తానూ ఆరితేరినవాణ్ణే అనుకుని బన్యన్ దగ్గరికి వెళ్లాడు. విన్నాడు గాని అర్థం కాలేదు. వాళ్లు ఏం మానేశారో చెప్పుకోవడం లేదు. తమ హృదయాల్లో దేవుడు చేసిన పని గురించి, నూతన జన్మ గురించి, తమ సొంత నీతి ఎంత పనికిరానిదో దాని గురించి మాట్లాడుతున్నారు. ఆ మాటల్లోని సంతోషం చూసి ఆయనకు తాము వేరే లోకంలో ఉన్నట్టు అనిపించింది. ఆ స్త్రీల సంఘ కాపరి జాన్ గిఫర్డ్. ఆయనా ఒకనాటి సైనికుడే, అదీ రాజు పక్షం వాడు. ఆ తరువాత కూడా బన్యన్ ఏళ్ల తరబడి సందేహాలతో నలిగాడు. పట్టుకుంటే పుటలు రాలిపోయేంత పాత ప్రతి, గలతీ పత్రిక మీద లూథర్ రాసిన వ్యాఖ్యానం, చేతికి దొరికాక గాయపడిన మనస్సాక్షికి బైబిలు తరువాత అంతటి మందు లేదనుకున్నాడు. ధర్మశాస్త్రం పాటించి దేవుని ఎదుట నిలబడలేమని చెప్పే పత్రిక అది. తాడు వదిలి నీతిమంతుణ్ణయ్యాననుకున్నవాడికి అది ఎంత సూటిగా తగిలి ఉంటుందో ఊహించుకోవచ్చు.

తరువాతి జీవితం మనలో చాలామందికి తెలిసిందే. అనుమతి లేకుండా ప్రకటిస్తున్నాడని 1660 నవంబరులో పట్టుకున్నారు. ఇక ప్రసంగించనని మాట ఇస్తే వదిలేసేవాళ్లు, ఇవ్వలేదు. 1672 దాకా పన్నెండేళ్లు జైలు. మొదటి భార్య అప్పటికే చనిపోయింది. రెండో భార్య ఎలిజబెత్, నలుగురు పిల్లలు, అందులో పెద్దమ్మాయి మేరీ పుట్టు గుడ్డిది. మాట్లు వేసే చేతులు జైల్లో బూటు లేసులకు కొసలు బిగించే పని నేర్చుకున్నాయి. వేల సంఖ్యలో చేసి అమ్మి ఇంటికి పంపాడు. పంతొమ్మిదేళ్లకు దాగలి మీద పేరు చెక్కుకున్నవాడు గోడల మధ్య కూడా ఇంటి భారం వదలలేదు. జైల్లో పీట కోడును తొలిచి పిల్లనగ్రోవి చేసుకున్నాడని కూడా చెబుతారు. అది ఎంతవరకు నిజమో గాని, గంటల కోసం దూలం కింద నిలబడినవాడి గురించి అలాంటి కథ పుట్టడంలో వింత లేదు.

యాత్రికుని ప్రయాణము మొదటి భాగం 1678లో అచ్చయింది. అందులో క్రైస్తవుడు, ఆశాపరుడు నది దాటి పరలోక పట్టణానికి చేరుకునే చోటు ఈసారి మళ్లీ తీసి చూడండి. పట్టణం కనుచూపులోకి రాగానే అక్కడి గంటలన్నీ తమ కోసం మోగుతున్నట్టు వాళ్లకు వినిపిస్తుంది. గుమ్మం దాటి లోపలికి వెళ్లగానే గంటలన్నీ సంతోషంతో మళ్లీ మోగుతాయి. రెండో భాగం 1684లో వచ్చింది, అప్పటికి బన్యన్‌కు యాభై అయిదేళ్లు. అందులో నిరాశ అనే రాక్షసుణ్ణి చంపి, సందేహపు కోటను కూలగొట్టిన తరువాత యాత్రికులు దారి మీదే ఆగుతారు. ఇద్దరు స్త్రీలు తంతి వాద్యాలు అందుకుంటారు. ఊతకర్రలు లేనిదే నడవలేని ఒక కుంటివాడు, ఆ కోట చెర నుంచి అప్పుడే బయటపడిన ఒక పిరికి అమ్మాయి చేయి పట్టుకుని నాట్యం చేస్తాడు. ఒక ఊతకర్ర ఇంకా చేతిలోనే ఉంది. అయినా చక్కగా అడుగు వేశాడని, ఆ అమ్మాయి కూడా తాళం తప్పలేదని బన్యన్ పనిగట్టుకుని రాశాడు.