సిస్టర్ నివేదిత: నైవేద్యంగా మారిన ఒక టీచరమ్మ

ఈ వారం వీడియోలో సిస్టర్ నివేదిత గురించి చెప్పుకున్నాం కదా. వివేకానందుడి శిష్యురాలు అనగానే చాలామంది అక్కడితో ఆగిపోతారు. నాకు మాత్రం ఆవిడ ముందుగా ఒక టీచరమ్మ. వీడియోలో టైమ్ సరిపోక ఆ సంగతి పూర్తిగా చెప్పలేకపోయాం, అందుకే ఈ పోస్ట్.

ముందు పేరు చూద్దాం. మనం దేవుడికి పెట్టేది నైవేద్యం. నివేదిత అన్నదీ ఆ కుటుంబంలోని మాటే, సమర్పించబడినది అని అర్థం. దేవుడి ముందు పెట్టాక అది మనది కాదు. ఉప్పు సరిపోయిందా అని రుచి కూడా చూడం. ఆవిడ జీవితం అర్థం కావాలంటే ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే చాలు అనిపిస్తుంది నాకు.

అసలు పేరు మార్గరెట్ ఎలిజబెత్ నోబుల్. 1867 అక్టోబర్ 28న ఐర్లాండ్‌లోని డంగానన్‌లో పుట్టారు. తండ్రి శామ్యూల్ నోబుల్ పాస్టర్. ఆవిడకి పదేళ్లప్పుడే ఆయన పోయారు. చదువు అవగానే, ఇంకా టీనేజ్‌లో ఉండగానే టీచర్‌గా చేరారు. పిల్లల చేత బట్టీ పట్టించకుండా ఆటలు, బొమ్మలు, చేతిపనుల ద్వారా నేర్పాలన్న పెస్టలోజీ, ఫ్రోబెల్ పద్ధతులు ఆవిడకి బాగా నచ్చాయి. లండన్ దగ్గర వింబుల్డన్‌లో సొంతంగా స్కూల్ పెట్టి అవే పద్ధతుల్లో నడిపారు.

1895 నవంబర్‌లో లండన్‌లో మొదటిసారి వివేకానందుడి మాటలు విన్నారు. వెంటనే ఒప్పేసుకోలేదు. ప్రశ్నలు వేశారు, వాదించారు. మన దేశంలో ఆడపిల్లలకి చదువు చెప్పేవాళ్లు కావాలన్నది స్వామీజీ తపన. అయినా ఆయన ఆవిడకి తీపి మాటలు చెప్పలేదు. ఇక్కడి ఎండ, పేదరికం, మనవాళ్ల అనుమానపు చూపులు, తెల్లవాళ్ల చిన్నచూపు, అన్నీ ముందే ఉత్తరంలో రాసి హెచ్చరించారు. అన్నీ తెలిసే ఆవిడ బయలుదేరారు. 1898 జనవరి 28న కలకత్తాలో దిగారు.

మార్చి 17న శారదా మాతని కలిశారు. సంప్రదాయ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన వితంతువు అయిన అమ్మ, ఆ రోజుల్లో, విదేశీ స్త్రీలతో కలిసి కూర్చుని తిన్నారు. ఊహించండి! మార్చి 25న స్వామీజీ బ్రహ్మచర్య దీక్ష ఇచ్చి నివేదిత అని పేరు పెట్టారు.

అదే ఏడాది నవంబర్ 13న, కాళీపూజ రోజున, బాగ్‌బజార్‌లోని బోస్‌పాడా సందులో ఒక చిన్న అద్దె ఇంట్లో స్కూల్ మొదలైంది. ప్రారంభించింది శారదా మాతే. అసలు కష్టం అక్కడే మొదలైంది. చిన్నతనంలోనే పెళ్లిళ్లు అయిపోయే కాలం, ఆడపిల్ల గడప దాటడమే తప్పు అనుకునే వీధి. పైగా పిలుస్తున్నది ఒక తెల్లావిడ. మతం మార్చేస్తుందేమో అన్న భయం ఉండదా మరి? నివేదిత ఇంటింటికీ తిరిగి తల్లిదండ్రుల్ని బతిమాలారు. బెంగాలీ నేర్చుకున్నారు. చదువుతో పాటు కుట్టుపని, బొమ్మలు గీయడం, మట్టితో బొమ్మలు చేయడం నేర్పారు. వింబుల్డన్ స్కూల్‌ని ఇక్కడ కాపీ పేస్ట్ చేయలేదు. ఈ పిల్లలకి తెలిసిన రామాయణ భారతాలు, ఇంటి ముందు ముగ్గుల నుంచే చదువు మొదలవ్వాలని నమ్మారు.

1899లో కలకత్తాకి ప్లేగు వచ్చింది. రామకృష్ణ మిషన్ సేవాపనిలో నివేదిత ముందు నిలబడ్డారు. చీపురు పట్టుకుని తనే వీధి ఊడ్చారు. అది చూసి సిగ్గుపడి కుర్రాళ్లు కూడా దిగారు. తల్లి చనిపోయిన ఒక ప్లేగు పిల్లాడిని గుడిసెలో ఒళ్లో పెట్టుకుని సేవ చేశారని, ఆ బిడ్డ ఆవిడ చేతుల్లోనే ప్రాణం వదిలాడని డాక్టర్ ఆర్. జి. కర్ తర్వాత గుర్తుచేసుకున్నారు. పాఠం చెప్పడం, పక్కన కూర్చోవడం, ఈ రెండూ ఆవిడకి వేరు కాదు.

స్కూల్‌కి డబ్బుల్లేవు. అదే ఏడాది విరాళాల కోసం మళ్లీ పడమటి దేశాలకి వెళ్లారు. 1902లో తిరిగొచ్చి స్కూల్ తెరిచారు. కొన్ని నెలలకే, జూలై 4న, స్వామీజీ వెళ్లిపోయారు.

ఆ వెంటనే ఇంకో పరీక్ష. దేశ స్వాతంత్ర్యం కోసం పనిచేయాలని ఆవిడకి ఉంది. రాజకీయాలకి దూరంగా ఉండాలన్నది మఠం నియమం. నివేదిత మఠంతో అధికారిక సంబంధం వదులుకున్నారు, తన పనికి మఠం బాధ్యత లేదని పత్రికలో కూడా ప్రకటించారు. గురువు పెట్టిన సంస్థలో చోటు వదులుకోవడం ఎంత బాధగా ఉంటుందో ఆలోచించండి. కానీ సన్యాసులతో ప్రేమ తగ్గలేదు, శారదా మాత దగ్గరికి వెళ్లడం మానలేదు. స్కూల్ కూడా ఆగలేదు. 1903లో అమెరికా నుంచి వచ్చిన సిస్టర్ క్రిస్టీన్ తోడయ్యారు, పెళ్లైన ఆడవాళ్లకీ వితంతువులకీ కూడా తరగతులు మొదలయ్యాయి. ఖర్చులకి నివేదిత తన పుస్తకాల సంపాదన కూడా పెట్టేవారు.

1911 అక్టోబర్ 13న డార్జిలింగ్‌లో, జగదీశ్ చంద్ర బోస్ దంపతుల దగ్గర ఉండగా, కన్నుమూశారు. వయసు 43. కొన్ని రోజుల ముందు రాసిన వీలునామాలో తనకున్నదంతా బేలూరు మఠం ట్రస్టీల ద్వారా ఆడవాళ్ల చదువుకే ఇచ్చేశారు. తను పేరు తీసేసుకున్న మఠానికే!

సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే నాకు రోజూ వినిపించే మాట స్కేల్. ఎంతమంది యూజర్లు, ఎంత గ్రోత్. ఆ లెక్కన మొదటి ఏడాది ఆవిడ స్కూల్ ఫెయిల్ అన్నట్టే: పిల్లలు తక్కువ, డబ్బు లేదు, మధ్యలో మూసేశారు కూడా. కానీ ఆ స్కూల్ కలకత్తాలో ఇవాళ్టికీ ఆవిడ పేరుతో నడుస్తోంది. లెక్క చూసుకోవడం మన పని, నైవేద్యం పెట్టడం ఆవిడ పని.

బెంగాల్‌లో కాళీపూజ చేసే రాత్రే మనకి దీపావళి. ఈసారి దీపాలు పెట్టేటప్పుడు, ఆ చిన్న సందులో వెలిగిన బడిని ఒక్కసారి తలుచుకోండి. మీ అపార్ట్‌మెంట్‌లో పనికొచ్చే అక్కకి చదువుకునే పిల్లలుంటే, వారానికి ఒక గంట కూర్చుని లెక్కలు చెప్పండి. అది కూడా పూజే.

జై మా! వచ్చే వారం ఇంకో జీవితంతో కలుద్దాం.